నిటారు అడవి దారి: ఆయాసం, మోకాళ్లు, జలగలు

ప్రశ్న: రోజూ గంటసేపు చదును నేల మీద నడుస్తాను, అలసట ఉండదు. కొండదారి పట్టిన పది నిమిషాలకే ఆయాసంతో కూలబడుతున్నాను. ఎందుకిలా?

జవాబు: చదునులో నడిచే వేగంతోనే కొండ ఎక్కుతున్నారు కాబట్టి. నిటారు దారిలో ప్రతి అడుగుకీ ఒంటి బరువంతా పైకి లేపాలి. మొదటి పావుగంట, ఇరవై నిమిషాలు ‘మరీ ఇంత నిదానమా’ అనిపించేలా నడవండి. గుండె, ఊపిరి పుంజుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. నడుస్తూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే మీ వేగం సరైనదే. రెండు మాటలకే ఊపిరి అందకపోతే తగ్గించండి. మోకాలెత్తు రాయి ఎదురైతే ఒక్క అంగలో ఎక్కకండి, పక్కన చిన్న ఆనిక ఏదైనా ఉందేమో చూడండి. మరీ నిటారైన చోట వెనక కాలిని మోకాలు వంగకుండా చాచి, బరువు దాని మీద ఒక్క క్షణం నిలిపి, అప్పుడు ముందు కాలి మీదికి మార్చండి. అడుగడుక్కీ తొడకు దొరికే ఆ రవ్వంత విరామం, పదేపదే చతికిలబడి లేవడం కన్నా ఎంతో నయం.

ప్రశ్న: దూరం 6 కిలోమీటర్లే. గంటన్నరలో పైకి చేరతామా?

జవాబు: ఎత్తు ఎంతో మీరు రాయలేదు. అసలు లెక్క అదే. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నేస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. మీ కొండ 900 మీటర్లు అనుకుంటే 2 గంటల 42 నిమిషాలు. అదీ ఎక్కడా ఆగకుండా, దారి బాగుంటేనే. వేర్లు, జారుడు రాళ్లు ఉంటే ఇంకో సగం కలిపి 4 గంటలు వేసుకోండి, దిగడానికి 3 గంటలు. చెట్ల నీడలో చీకటి తొందరగా కమ్ముతుంది. ఆరింటికి సూర్యాస్తమయమైతే ఐదింటికల్లా కింద ఉండాలి, అంటే రెండింటికి వెనుదిరగాలి. శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే! ఉదయం ఏడింటికి బయల్దేరితే ఈ గొడవే ఉండదు. అయినా తలకు కట్టుకునే టార్చి సంచిలో ఉంచండి. ఫోన్ వెలుగుతో దిగితే ఒక చెయ్యి దానికే సరిపోతుంది.

ప్రశ్న: ఎక్కడం బాగానే ఉంది. దిగేటప్పుడు మోకాళ్లు నొప్పి, పైగా బొటనవేలి గోరు నల్లబడింది.

జవాబు: బూటులో పాదం ముందుకు జారి గోరు కొసకు తగులుతోంది, గోరు కింద రక్తం గడ్డకట్టి నల్లబడింది. ముందురోజే గోళ్లు తీసుకోండి. దిగడం మొదలుపెట్టే ముందు కూర్చుని లేసులు విప్పి, మడమను నేలకు తట్టి వెనక్కి ఆనించండి. వేళ్ల దగ్గర వదులుగా ఉంచి, చీలమండ ముందు వంపులో లేసును రెండు చుట్లు మెలిపెట్టి బిగించండి. వాలు మీద నిలబడి చూస్తే వేళ్లు కొసకు తగలకూడదు.

ఇక మోకాళ్లు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బిగుసుకుని బ్రేకు వేస్తుంది. అది అలసిపోతే అదురంతా మోకాలికే. అందుకే సత్తువంతా ఎక్కడానికే ఖర్చు చేయకూడదు. మోకాలు కాస్త వంచి, చిన్న అడుగులు వేయండి. భయంతో వెనక్కి వాలితే మడమ జారుతుంది. చేతికర్ర పొడవు మార్చుకునేదైతే 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచి, అడుగు కన్నా ముందు ఆనించండి. తడిసిన వేరు మీద, ముఖ్యంగా బెరడు ఊడి నున్నబడిన దాని మీద కాలు పెట్టవద్దు, దాటేయండి. ఎండుటాకులు మందంగా ఉంటే ముందు కర్రతో పొడిచి చూడండి. రెండు రోజులు తొడలు పట్టేయడం మామూలే. మోకాలు వాస్తే మాత్రం డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: నీళ్లు ఎన్ని తీసుకెళ్లాలి?

జవాబు: గంటకు అర లీటరు చొప్పున, ఎండ ఎక్కువైతే ఇంకా ఎక్కువ. చెమట కారుతుండగా గంటల తరబడి ఉత్తి నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. మధ్యలో ఉప్పగా ఉన్నది ఏదైనా తినండి.

ప్రశ్న: జలగ పట్టుకుంటే ఉప్పు చల్లవచ్చా?

జవాబు: వద్దు, అగ్గిపుల్లతో కాల్చనూ వద్దు. అది కడుపులోది గాయంలోకే కక్కే ప్రమాదం ఉంది. సన్నగా ఉన్న కొస నోరు. చర్మానికి ఆనించి గోటిని దాని కిందికి పోనిచ్చి పక్కకు నెట్టండి, తర్వాత లావు కొసనూ అలాగే. గాయం కడిగి శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం జలగ లాలాజలంలో ఉంటుంది, అందుకే చాలాసేపు కారుతుంది. కంగారు పడకండి.