తాలింపు ఇంట్లోనే వేసుకెళ్లు

చిట్టీ,

సంక్రాంతి సెలవుల్లో నలుగురు స్నేహితురాళ్లు కలిసి లంబసింగి వెళ్తున్నారనీ, రెండు రాత్రులు టెంట్లలో ఉంటారనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన వంటల జాబితా కూడా చూశాను. వెజ్ బిర్యానీ, చపాతీలు, పనీర్ కూర! తెల్లవారుజామున ఆ మంచులో చపాతీ పిండి ఎవరు కలుపుతారే? నీళ్లు ముట్టుకుంటేనే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ కాగితం పక్కన పడెయ్.

తరగడం, వేయించడం, తాలింపు వేయడం అన్నీ విశాఖలోనే అయిపోవాలి. కొండ మీద మీరు చేయాల్సింది నీళ్లు మరగబెట్టడం, అంతే.

ముందు ఉప్మా సంగతి. నలుగురికీ ఒక పూటకి పావు కిలో బొంబాయి రవ్వ చాలు. సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి తీసెయ్. అదే మూకుడులో నూనె కాస్త ధారాళంగానే పోసి ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు వేయించు. కరివేపాకు పట్టుకుంటే గలగలమనాలి, తడి మిగిలితే డబ్బా మొత్తం పాడవుతుంది. అందుకే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం జోలికి పోవద్దు. అల్లానికి బదులు చిటికెడు శొంఠి వెయ్. వేయించిన రవ్వ, కొలిచిన ఉప్పు కూడా అందులోనే కలిపేసి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పోసి మూత పెట్టు. అక్కడ గ్లాసు రవ్వకి రెండున్నర గ్లాసుల నీళ్లు మరిగించి, ఒక చేత్తో రవ్వ జారవిడుస్తూ రెండో చేత్తో కలుపు. దగ్గర పడగానే మూత పెట్టి స్టవ్ ఆపేయ్. ఐదు నిమిషాలు దాన్ని కదపకు. మిగతా పని ఆ ఆవిరే చేస్తుంది.

రాత్రికి పులగం. రెండు గ్లాసుల బియ్యానికి గ్లాసు పెసరపప్పు. పప్పు ఇంట్లోనే దోరగా వేయించి, మిరియాలు, జీలకర్ర, ఉప్పుతో కలిపి మూటకట్టు. పొయ్యి వెలిగించడానికి అరగంట ముందు నానబోస్తే గ్యాస్ బాగా కలిసొస్తుంది. పైన నెయ్యి, పక్కన ఆవకాయ. కందిపప్పు మాత్రం తీసుకెళ్లకు. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడికేసరికి మీ గ్యాస్ డబ్బా ఖాళీ అవుతుంది.

రెండో రోజు మధ్యాహ్నానికి పొయ్యే వద్దు. మందపాటి అటుకులు కడిగి, ఇంట్లో ఉడికించి తీసుకెళ్లిన పులిహోర పులుసు కలిపితే సరిపోతుంది. మీలో కర్నూలు పిల్ల ఉందన్నావు కదా, తను ఎలాగూ బొరుగులతో చేసే ఉగ్గాణి అంటుంది. బొరుగులు తేలిక, సంచీకి బరువుండదు, తీసుకెళ్లమను. గుడ్లు అటుకుల సంచీలో గుచ్చి పెడితే కొండదారి కుదుపులకి పగలవు.

చికెన్ గురించి అడిగావు. పచ్చి మాంసం ఐస్ లేకుండా కారులో గంటలకొద్దీ మోసుకెళ్లి వండటం నాకు ససేమిరా ఇష్టం లేదు. బొంగులో చికెన్ మేమే చేస్తామంటున్నారట, అసలే వద్దు. అడవిలో వెదురు ఇష్టమొచ్చినట్టు నరకడానికి లేదు. పైగా బొంగు తిప్పుతూ నిప్పు చూసుకోవడం మొదటిసారికి అయ్యే పని కాదు. ఏజెన్సీలో అది చేసి అమ్మేవాళ్ల దగ్గర వేడివేడిగా కొనుక్కు తినండి. నిప్పులంటే అంత సరదాగా ఉంటే, టెంట్లు వేయించేవాళ్లు చలిమంట పెట్టిస్తే అందులో చిలగడదుంపలు కప్పెట్టండి. మంటలో కాదు, మంట తగ్గాక నివురులో. మీ అంతట మీరు మాత్రం ఎండుటాకుల మధ్య మంట పెట్టొద్దు.

ఇప్పుడు స్టవ్. ఆ చిన్న డబ్బాల్లో ఎక్కువగా ఉండేది బ్యూటేన్. అది సున్నా డిగ్రీలకి కాస్త దిగువకెళ్తే ఆవిరవదు. మండేకొద్దీ డబ్బా ఇంకా చల్లబడుతుంది కూడా. అందుకే పొద్దున్న ఐదింటికి టీ పెట్టబోతే మంట మిణుకుమిణుకుమంటుంది. రాత్రి డబ్బాని స్టవ్ నుంచి ఊడదీసి, గుడ్డ చుట్టి దుప్పట్లో పెట్టుకో. అప్పటికీ మంట నీరసంగా ఉంటే డబ్బా అడుగున పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పొయ్. నిప్పు మీద వెచ్చబెట్టే తెలివితేటలు ఎవరైనా చూపిస్తే చెయ్యి పట్టుకుని ఆపు. గాలికి అడ్డమని స్టవ్ చుట్టూ రాళ్లు పేర్చెయ్యకు, డబ్బా వేడెక్కుతుంది. ఎంత చలేసినా టెంట్ లోపల వెలిగించడానికి వీల్లేదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా కాచి తాగండి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు.

కూరగాయలు, నీళ్ల సీసాలు ఏవైనా మర్చిపోతే నర్సీపట్నంలో కొనేయండి. అది దాటితే ఘాట్ రోడ్డు, పెద్ద బజారు తగలదు. విస్తరాకులు పెట్టుకెళ్తే గిన్నెలు తోమే బాధ తప్పుతుంది.

మీ అత్తయ్య కందిపొడి కొడుతోంది. శుక్రవారం సాయంత్రం వచ్చి పట్టుకెళ్లు. నా స్టవ్ కూడా ఇస్తాను, గ్యాస్ డబ్బాలు మాత్రం రెండు కొత్తవి కొనుక్కో.

మీ మావయ్య