ఆవిడ అడిగింది నిన్ను

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. కాన్పులో నొప్పికి ఏ మందూ తీసుకోనని నువ్వు తీర్మానించుకున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఇంత ముందుగా ఆలోచించావని పొంగిపోయాను. కానీ అందరి ముందూ ఒట్టు పెట్టినట్టు చెప్పావట, అది విన్నాక రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ మాట రేపు నీ మెడకే చుట్టుకోకూడదని ఈ ఉత్తరం.

మందు తీసుకోమని నేను చెప్పడం లేదు. నడవడం, గోరువెచ్చని నీళ్లు, నడుము నొక్కే మనిషి పక్కన ఉండటం ఎవరికైనా మేలు చేసేవే. నొప్పి తగ్గించే వాయువు పీల్చుకోమంటే నొప్పి మొదలవుతుండగానే పీల్చు, అది పనిచేయడానికి అర నిమిషం పడుతుంది. నొప్పికి ఇచ్చే పెథిడిన్ ఇంజెక్షన్ ప్రసవానికి మరీ దగ్గరలో ఇస్తే బిడ్డ మగతగా పుట్టవచ్చు, ఆ సంగతి అడిగి తెలుసుకో.

ఎపిడ్యూరల్ గురించి భయపెట్టే మాటలు చాలా వింటావు. నడుము దగ్గర, వెన్నుపామును కప్పిన పొరకు బయట సన్నని గొట్టం పెట్టి మందు ఎక్కిస్తారు. అది పెట్టేటప్పుడు వీపు వంచి కదలకుండా కూర్చోవాలి, నొప్పుల మధ్య అదే కష్టం. ఆ తర్వాత 20 నిమిషాల్లో ఉపశమనం తెలుస్తుంది. రక్తపోటు పడిపోవచ్చు, దురద, వణుకు రావచ్చు, సుమారు వందమందిలో ఒకరికి తీవ్రమైన తలనొప్పి వస్తుంది. బిడ్డను నెట్టే దశ కొంత సాగవచ్చు. దానివల్ల సిజేరియన్ తప్పదని, జీవితాంతం నడుంనొప్పి ఉంటుందని అనే మాటలు మాత్రం పరిశోధనల్లో నిలబడలేదు. ప్లేట్‌లెట్లు తక్కువున్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా పెట్టకపోవచ్చు, కాబట్టి ముందే చెప్పు.

ఇక మీ అక్క సంగతి. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు.

దాని మొదటి కాన్పప్పుడు గదిలో నేనున్నాను. తెల్లవారుజామున నర్సు వచ్చి, దాని నుదుటి చెమట తుడిచి, "నొప్పి తగ్గడానికి మందు ఇప్పించమంటారా?" అని అడిగింది. అడిగింది దాన్ని. అది ఊపిరి కూడదీసుకునేలోపే నేను, "వద్దమ్మా, మా పిల్ల గట్టిది, ఓర్చుకుంటుంది" అన్నాను. ఇద్దరు పిల్లల్ని ఏ మందూ లేకుండా కన్నదాన్ని కదా, నా కూతురూ నాలాగే కనాలనుకున్నాను. అది ఒక్కసారి నా వైపు చూసి, గోడవైపు తిరిగింది. మంచం కమ్మీని పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయాయి. ఆ వేళ్లు చూసి కూడా "ఇంకాసేపే తల్లీ" అన్నాను. ఆ ఇంకాసేపు మధ్యాహ్నం దాకా సాగింది. బిడ్డను తెచ్చి గుండెల మీద పడుకోబెడితే కళ్లు తెరిచి చూసే ఓపిక దానికి లేదు. నేనేమో బయటికి వచ్చి, మందు లేకుండానే కన్నదని అందరికీ గొప్పగా చెప్పాను.

ఏళ్లు గడిచాక ఒకరోజు బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండానే, "అమ్మా, ఆ రోజు ఆవిడ అడిగింది నన్ను" అంది. అంతే. క్షమించమని అడగడానికి నాకు మరో రెండు రోజులు పట్టింది.

అందుకే నీ నొప్పి కంటే నీ పక్కన నిలబడే మనిషి గురించే నాకు ఎక్కువ భయం. మీ ఆయనకు ఇప్పుడే చెప్పి ఉంచు. నువ్వు మందు కావాలంటే "నువ్వే వద్దన్నావుగా" అనకూడదు. వద్దంటే బలవంతం చేయకూడదు. నొప్పి ఓర్చుకోకపోతే తల్లే కాదన్నట్టు మాట్లాడేవాళ్లుంటారు, నొచ్చుకోకు. 1853లో విక్టోరియా రాణి అంతటిది తన ఎనిమిదో కాన్పుకు డాక్టర్ జాన్ స్నో చేత క్లోరోఫాం ఇప్పించుకుంది.

రాత్రి రెండు గంటలకైనా మత్తు డాక్టరు వస్తారా అని ఆసుపత్రిలో ఈ వారమే అడుగు. పిచ్చిపిల్లా, ఈ ప్రశ్న ఇంతవరకు అడగలేదటగా! వద్దనుకున్నదానివి కాబట్టి అవసరం లేదనుకున్నావేమో. గర్భాశయ ముఖద్వారం ఇన్ని సెంటీమీటర్లు తెరుచుకున్నాకే ఎపిడ్యూరల్ ఇవ్వాలనే పాత నియమం ఇప్పుడు లేదు. కానీ బిడ్డ తల బయటికి వస్తున్నప్పుడు అడిగితే వ్యవధి ఉండదు.

తొమ్మిదో నెలలో వస్తాను. నువ్వు పిలిస్తేనే గదిలోకి అడుగుపెడతాను. నడుము ఎక్కడ నొక్కాలో చూపించు, చేతులు పడిపోయేదాకా నొక్కుతాను. నర్సు ఏదైనా అడిగినప్పుడు మాత్రం నా నోట మాట రాదు.

నీ పెద్దమ్మ