కత్తెర మీ చేతిలో ఉన్నప్పుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాకు ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడికి 11 ఏళ్లు, చిన్నవాడికి 7 ఏళ్లు. వాళ్లకు చెరో 80 రూపాయలు, మావారికి 100 రూపాయలు, పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్న మా మావగారికి ఇంటికి వచ్చి క్షవరం చేసి వెళ్లే పెద్దాయనకు 120 రూపాయలు, వెరసి నెలకు 380 రూపాయలు కటింగులకే అవుతోంది. ఈ ఏడాది మావారి రాబడి బాగా తగ్గింది. పాతపట్నం బజారులో 1,300 రూపాయలకు ఒక మిషను, 350 రూపాయలకు ఒక కత్తెర చూసి వచ్చాను. నలుగురికీ నేనే చేయగలనా? ఎక్కడ మొదలుపెట్టాలి? బడిలో అందరూ నవ్వుతారేమోనని పెద్దవాడు ఇప్పటి నుంచే బెంగ పెట్టుకున్నాడు. పైగా మా అత్తగారు మంగళవారం, లక్ష్మివారం ఇంట్లో కత్తెర పట్టనివ్వరు.
– ఒక గృహిణి, పర్లాకిమిడి

సమాధానం: చేయగలరమ్మా, అయితే నలుగురికీ కాదు, ముగ్గురికే చేయమని నా సలహా. మీ మావగారి సంగతి తరువాత చెబుతాను. ముందు లెక్క చూద్దాం. మావగారిని పక్కన పెడితే నెలకు మిగిలేది 260 రూపాయలు. మిషనుకూ కత్తెరకూ కలిపి మీరు పెట్టే 1,650 రూపాయలు తిరిగి రావడానికి ఆరు నెలలు దాటుతుంది కాబట్టి, ఏడో నెల నుంచే అసలైన మిగులు కనిపిస్తుంది. మొదటి ఏడాది చేతిలో మిగిలేది 1,470 రూపాయలు, రెండో ఏడాది నుంచి 3,120 రూపాయలు. రాబడి తగ్గిన ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. కానీ రెండు నెలలు చేసి, చేయి తిరగక మిషనును అటకెక్కిస్తే ఆ డబ్బంతా నష్టమే. అందుకే కొనే ముందు ఆరు నెలలైనా కొనసాగించగలనా అని మిమ్మల్ని మీరు అడగండి.

గడ్డానికి వాడే సన్న ట్రిమ్మరు తల వెంట్రుకలకు పనికిరాదు. దాని పళ్ల వరుస ఇరుకు, మోటారు బలం తక్కువ, నాలుగుసార్లు నడిపేసరికి వెంట్రుకలు ఇరుక్కుని లాగుతుంది. మీరు చూసి వచ్చింది తల కోసమే చేసినదో కాదో అడిగి తెలుసుకోండి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట చార్జింగుతో నడిచేదే మేలు, కానీ కూర్చోబెట్టే ముందు పూర్తిగా చార్జి చేసి ఉంచాలి. సగం తల అయ్యాక మిషను ఆగిపోతే పిల్లవాడి అవస్థ చూడలేం. మిషను పళ్లకు వాడే ముందూ వాడిన తరువాతా ఒకటి రెండు చుక్కల నూనె వేయాలి. ఇందుకు కుట్టుమిషను నూనె వాడండి. కొబ్బరినూనె చలికాలంలో పేరుకుని, దుమ్ము పట్టి పళ్లను బిగించేస్తుంది. కత్తెరను మాత్రం క్షవరానికి తప్ప దేనికీ తీయకూడదు. కాగితం కత్తిరించిన కత్తెర వెంట్రుకను కోయదు, మడిచి వదిలేస్తుంది.

మొదట మీ వారికి చేయండి. ఆయన కదలకుండా కూర్చుంటారు, ఒక పక్క కాస్త ఎక్కువ తగ్గినా ఓర్చుకుంటారు. తరువాత చిన్నవాడికి చేయండి. పెద్దవాడి వంతు ఒకటి రెండు నెలల తరువాతే రావాలి. ఆ వయసు పిల్లలకు తల మీది జుట్టు మనం అనుకునే దానికంటే చాలా పెద్ద విషయం. వాడి బెంగను కొట్టిపారేయకండి. ఎంత పొడవు ఉంచాలో వాడినే అడిగి, వాడు చెప్పినదానికి కొంచెం ఎక్కువే ఉంచండి. మీ అత్తగారి మాటను మన్నించి ఆదివారం ఉదయం పెట్టుకుంటే వెలుతురూ బాగుంటుంది, ఏదైనా తేడా వస్తే మర్నాడు బడికి వెళ్లేలోగా సరిదిద్దే వ్యవధీ ఉంటుంది.

మన ఇళ్లలో పిల్లల తలకు నూనె లేని రోజు ఉండదు కదా, ఇంటి క్షవరం చెడడానికి సగం కారణం అదే. నూనె తలమీద వెంట్రుకలు పాయలు పాయలుగా అతుక్కుని, మిషను ఒక పాయను కోసి పక్క పాయను వదిలేస్తుంది. అందుకే శనివారం తలంటు పోసి, ఆదివారం నూనె రాయకుండా, పూర్తిగా ఆరిన తల మీద మిషను నడపాలి. కత్తెరతో చేసే పైభాగానికి మాత్రం జుట్టును కొద్దిగా తడపవచ్చు. తడి జుట్టు సాగి పొడవుగా కనిపిస్తుందనీ, ఆరాక పైకి లేస్తుందనీ మరిచిపోకూడదు. ఈ సంగతి తెలియక ఒకసారి మా చెల్లెలి కొడుక్కి ముంగురులు తడిపి, కనుబొమల దాకా దువ్వి, అంచున సమంగా కత్తిరించాను. ఆరేసరికి అవి నుదుటి సగానికి ఎగిరి నిలబడ్డాయి. వాడు ఏడవలేదు, అద్దం చూసుకుని మౌనంగా టోపీ పెట్టుకున్నాడు, వారం రోజులు తీయలేదు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అప్పటి నుంచి ముంగురులను పొడిగా ఉన్నప్పుడే, అనుకున్న చోటికి ఒక వేలు కిందుగా మాత్రమే కత్తిరిస్తున్నాను.

మిషనుతో పాటు వచ్చే ప్లాస్టిక్ దువ్వెనల మీద అంకెలుంటాయి. సాధారణంగా 1 అంటే 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6, 4 అంటే సుమారు 13. మొదటిసారి పెద్ద అంకెతోనే మొదలుపెట్టండి. పొడవు ఎక్కువైతే మళ్లీ తగ్గించవచ్చు, తగ్గిపోయినది మాత్రం నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పునే తిరిగి పెరుగుతుంది. ప్రతిసారీ తల మీద పెట్టే ముందు ఆ దువ్వెన గట్టిగా బిగిసి ఉందో లేదో వేలితో నొక్కి చూడండి. అది ఊడిన సంగతి గమనించకుండా ఒక్కసారి నడిపితే పెడతల మీద తెల్లటి దారి పడుతుంది. దానికి గుండు తప్ప వేరే మందు లేదు.

మెడ దగ్గర మొదలుపెట్టి, వెంట్రుక పెరిగే దిక్కుకు ఎదురుగా కింది నుంచి పైకి నెమ్మదిగా తీసుకెళ్లాలి. తల గుండ్రం తిరిగే చోటికి రాగానే మిషనును తలను అంటిపెట్టుకుని పోనివ్వకుండా, గరిటెతో పిండి తోడినట్టు చేతిని బయటికి వంచి గాలిలోకి తీసేయాలి. ఇంటి క్షవరంలో నిజంగా నేర్చుకోవలసిన మెలకువ ఇదొక్కటే. ఈ వంపు పట్టుబడితే కింది పొట్టి జుట్టుకూ పై పొడవు జుట్టుకూ మధ్య మెట్టు కనిపించదు. పట్టుబడే వరకు పిల్లల చెంపల మీద, కణతల మీద తొందరపడవద్దు. పైభాగంలో జుట్టును దువ్వెనతో ఎత్తి చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య పట్టుకుని, వేళ్ల పైకి వచ్చినంతే కత్తిరించాలి. ఆ కత్తిరించిన పాయలో కొంత భాగాన్ని తరువాతి పాయతో కలిపి పట్టుకుంటే అదే కొలతగా ఉపయోగపడుతుంది. నడినెత్తి మీద సుడి ఉన్న చోట జుట్టు గుండ్రంగా తిరిగి పెరుగుతుంది కనుక, మరీ పొట్టిగా కత్తిరిస్తే ముళ్లలా నిలబడుతుంది. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని పెద్దలు అనే మాట ఎలా ఉన్నా, కత్తెర పట్టిన వారికి మాత్రం రెండు చోట్ల జాగ్రత్త అవసరం. చెవి దగ్గరికి వచ్చినప్పుడు ఎడమచేతి వేలితో చెవి డొప్పను కిందికి మడిచి, వేలిని కత్తెరకూ చర్మానికీ మధ్య అడ్డుగా ఉంచండి.

దువ్వెన విషయంలో ఒక మాట. మీ పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు, మీ ఇంట్లోనూ కొమ్ము దువ్వెన ఉండే ఉంటుంది. రోజూ దువ్వుకోవడానికి అది ఎంతో హాయి, కానీ క్షవరానికి తీయకండి. ఒకరి తల నుంచి మరొకరి తలకు పోయే దువ్వెనను వేడినీటిలో సబ్బుతో కడగవలసి ఉంటుంది, వేడికి కొమ్ము మెత్తబడి వంగిపోతుంది. సగం ఒత్తుగా, సగం పలుచగా పళ్లున్న ప్లాస్టిక్ దువ్వెన చాలు.

ఇక మీ మావగారు. పక్షవాతం తరువాత చాలామందికి రక్తం గడ్డకట్టకుండా మాత్రలు ఇస్తారు. అవి వాడుతున్న వారికి చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు. వయసు మీద పడ్డ చర్మం పలుచబడి ముడతల దగ్గర తేలికగా తెగుతుంది. పడుకున్న మనిషి తల తిప్పుతూ క్షవరం చేయడం చేయి తిరిగినవారి పని. ఇది ఒక కారణం మాత్రమే. నెలకొకసారి తన మంచం పక్కన కూర్చుని ఊరి కబుర్లు చెబుతూ, గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పే ఆ పెద్దాయన మీ మావగారికి బహుశా ఇంటివాళ్లు కాని ఒకే ఒక్క మనిషి అయి ఉంటారు. ఆ 120 రూపాయలలో సగం ఆ కాసేపటి తోడుకే చెల్లుతోందనుకోండి. ఎక్కడైనా తగ్గించండి కానీ, అమ్మా, అక్కడ తగ్గించకండి. మధ్యలో గడ్డం పెరిగితే బ్లేడు కాకుండా మిషనుతో మీరే పొట్టిగా తీయవచ్చు.

బ్లేడు ఇంట్లో ఎవరిది వారికే ఉండాలి, తండ్రీకొడుకులైనా సరే. కామెర్లకు కారణమయ్యే హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. మిషను పళ్లను ఒకరికీ మరొకరికీ మధ్య దూదితో, స్పిరిటుతో తుడిచి ఆరనివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు. నెలనెలా చివర్లు కత్తిరిస్తే జుట్టు త్వరగా పెరుగుతుందంటున్నారు. నిజమేనా? ఇంట్లో ఎలా కత్తిరించాలి?
– ఒక తల్లి, రాయగడ

సమాధానం: జుట్టు కుదుళ్ల నుంచి పెరుగుతుంది కాని చివర్ల నుంచి కాదు, కాబట్టి కత్తిరించినందువల్ల వేగం పెరగదు. చీలిన చివర్లు తీసేస్తే ఆ చీలిక పైకి పాకకుండా ఆగి, జడ చివర ఒత్తుగా కనిపిస్తుంది. ఆ మాట అలా పుట్టి ఉంటుంది. రెండు మూడు నెలలకొకసారి చాలు. జడకు రబ్బరు వేసి ఒక్క వేటుకు కత్తిరించే పద్ధతి మానండి, విప్పిన తరువాత మధ్యన పొట్టిగా, పక్కల పొడవుగా వస్తుంది. అమ్మాయిని నిటారుగా నిలబెట్టి, తడి జుట్టును వీపు మీదికి చిక్కు లేకుండా దువ్వి, మధ్యలో ఒక పాయను ముందు కత్తిరించి, దానికి సమంగా అటూ ఇటూ కొద్దికొద్దిగా కలుపుతూ పోండి.

ప్రశ్న: మాది తరతరాల క్షురక వృత్తి. మా ఊళ్లో తెలుగువారు నాయీబ్రాహ్మణులంటారు, ఒడియావారు భండారి అంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూయించినప్పుడు కొన్న మిషన్లు చాలా ఇళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. మీలాంటివారు కూడా ఇంట్లోనే చేసుకోమని రాస్తే మేము ఎలా బతకాలి?
– ఒక క్షురకుడు, గుణుపురం

సమాధానం: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. ఒక ఇంటికి 260 రూపాయలు మిగిల్చే సలహా మరో ఇంటికి ఆ 260 రూపాయలను తగ్గిస్తుందన్న మాట నిజమే. దాన్ని దాటవేసే సమాధానం నా దగ్గర లేదు. చేతిలో డబ్బు లేనివారిని ఇంట్లో చేసుకోవద్దనలేను. కానీ ఇంటి కత్తెరకు మీ కత్తెర అవసరమన్నది కూడా అంతే నిజం. మీరు ఒకసారి తలకు ఆకారం తెచ్చి పంపితే, ఆ గీతను పట్టుకుని ఇంటివారు తరువాతి రెండు నెలలు తగ్గించుకోగలరు. మూడో నెలకు ఆ గీత చెదిరిపోతుంది. అందుకే పర్లాకిమిడి సోదరికి కూడా ఇక్కడే చెబుతున్నాను: మూడు నెలలకొకసారి పిల్లలను దుకాణానికే తీసుకెళ్లండి, మీ మిగులు కొంత తగ్గినా క్రాపు కుదురుగా ఉంటుంది, ఆ పూట మీరూ పక్కన నిలబడి చేయి ఎలా తిరుగుతోందో చూడవచ్చు.

మీ వృత్తిలో మరో సంగతి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తల వెనుక ఎవరికి వారు చూసుకోలేని చోట గుండ్రంగా వెంట్రుకలు రాలి, పొట్టు లేచి, వెంట్రుకలు మొదట్లోనే విరిగి ఉంటే మొదట కనిపెట్టేది మీరే. పిల్లల తలలో వచ్చే తామర అలాగే ఉంటుంది. దానికి పైపూత చాలదు, వైద్యులు కడుపులోకి మందు ఇవ్వాలి. ఇంట్లో క్షవరం మొదలుపెట్టిన వారు ఈ కాపలా బాధ్యతను కూడా నెత్తికెత్తుకున్నట్టే. అలాంటి మచ్చ కనిపిస్తే మిషను నడపకుండా ఆపి పిల్లవాడిని చూపించాలి. ఇక మీరు చేయదగినది ఒకటి తోస్తోంది. మంచం పట్టిన వృద్ధులు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నారు, వారి దగ్గర కత్తెర పట్టే ధైర్యం ఇంటివారికి ఉండదు. ఫలానా రోజు ఫలానా వీధికి వస్తానని ముందుగా చెప్పి తిరిగితే, ఆ పనిని మీ చేతి నుంచి ఏ మిషనూ తీసుకోలేదు.

ప్రశ్న: మా బాబుకు పది నెలలు. పుట్టువెంట్రుకలు కళ్లలో పడుతున్నాయి. మొదటి కత్తెర వేయవలసిన మేనమామ సూరత్‌లో పని చేస్తున్నాడు, సంక్రాంతికి గాని రాడు. ముందు కాస్త కత్తిరించవచ్చా?
– ఒక తండ్రి, బరంపురం

సమాధానం: కత్తిరించినందువల్ల బాబుకు ఏ హానీ లేదు. అయితే మేనమామ చేతి మీదుగా జరగాలని మీ ఇంట్లో అందరికీ ఉన్నప్పుడు ఈ కొద్ది కాలం ఆగడమే మంచిది. అప్పటి దాకా ముంగురులను మెత్తటి నూలు గుడ్డ పీలికతో వదులుగా పిలక కట్టండి. రబ్బరు బిగించి కట్టకండి, కుదుళ్లు లాగుతాయి. పిన్నులు అసలే వద్దు, ఊడితే నోట్లో పెట్టుకుంటాడు. మేనమామ వచ్చాక, ముహూర్తంలో ఏ కాస్త వెసులుబాటు ఉన్నా, బాబు నిద్ర లేచి పాలు తాగి హుషారుగా ఉన్న వేళకు జరుపుకోండి. ఆకలి మీద, నిద్ర మీద ఉన్న పిల్లవాడు తల నిలపడు.