మూడు మెషీన్లలో ముందు ఏది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. పర్లాకిమిడిలో నాకు చిన్న డీటీపీ, జెరాక్స్ షాపు ఉంది. మూడు కంప్యూటర్లు, మూడింట్లోనూ విండోస్ 10. మొదటిది ఐ3-4150, 4 జీబీ ర్యామ్. అను, అకృతి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో శుభలేఖలు చేసేది దాంట్లోనే. రెండోది ఐ5-8400, 8 జీబీ, మామూలు హార్డ్ డిస్కు. ఆన్‌లైన్ ఫారాలు, కరెంటు బిల్లులు, ఆధార్ ప్రింట్లు అందులో. మూడోది మా పాప కాలేజీ ల్యాప్‌టాప్, ఐ5-7200యు. మైక్రోసాఫ్ట్ వాళ్ల చెకింగ్ యాప్ మూడూ విండోస్ 11కి పనికిరావంటోంది. అన్నీ అమ్మేసి కొత్తవి కొనమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఒక్కదానికే ఖర్చుపెట్టగలను. దేన్ని మార్చమంటారు?
— ఓ డీటీపీ షాపు యజమాని, పర్లాకిమిడి

జవాబు: ఏదీ అమ్మకండి. విండోస్ 11కి మార్చాల్సింది రెండోదాన్ని, అదీ వీలైనంత తొందరగా.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మెషీన్ ఆగదు, పని చేస్తూనే ఉంటుంది. విడిగా నమోదు చేసుకుంటే తప్ప, ఆ తర్వాత బయటపడే లోపాలకు మాత్రం మందు రాదు. అందుకని వయసు చూసి ముసలిదాన్ని ముందు మార్చాలనుకోవడం పొరపాటు. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఫైళ్లు ఏ మెషీన్‌లోకి వస్తున్నాయో చూడండి. రోజంతా ఎవరో ఒకరి పెన్‌డ్రైవ్, వాట్సాప్‌లో పీడీఎఫ్, ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ. పాతపట్నం నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం నమ్మి మీ చేతిలో పెడుతున్న కాగితాలవి. వాటికి కాపలా లేకుండా ఒక్క నెల కూడా ఉంచకూడదు.

ఇక యాప్ మాట. మీ ప్రాసెసర్ల పేర్లలో గీత తర్వాత వచ్చే మొదటి అంకె ప్రాసెసర్ తరం. మీవి వరసగా నాలుగు, ఎనిమిది, ఏడు. ఇంటెల్ కోర్ ప్రాసెసర్లకు విండోస్ 11 తలుపు దాదాపుగా ఎనిమిదో తరం దగ్గరే తెరుచుకుంటుంది. అంటే ఐ5-8400కి అర్హత ఉంది. మరి వద్దంటోందేం? ఆ యాప్‌లోనే కారణం రాసి ఉంటుంది, చదవండి. టీపీఎం 2.0 (రహస్య కీలను దాచే భద్రతా ఏర్పాటు) లేదనో, సెక్యూర్ బూట్ (మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే ఏర్పాటు) లేదనో ఉంటుంది. ఆ కాలపు బోర్డుల్లో చాలావాటికి టీపీఎం ఉండీ బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుంది. ఆన్ చేస్తూనే డిలీట్ గాని ఎఫ్2 గాని నొక్కి లోపలికెళ్తే ‘పీటీటీ’ అనే పేరుతో కనబడుతుంది. దాన్ని ఆన్ చేయండి.

సెక్యూర్ బూట్ దగ్గర నిదానం కావాలి. బరంపురంలో నా షాపు మెషీన్‌కి ఇదే పని చేస్తూ నేను వరస తప్పాను. డిస్కు భాగాల పట్టీ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉందని చూసుకోకుండా, బయోస్‌లో మెషీన్ మొదలయ్యే తీరుని పాతదైన లెగసీ నుంచి, సెక్యూర్ బూట్‌కి కావాల్సిన కొత్తదైన యూఈఎఫ్ఐకి మార్చేశాను. నల్లటి తెర మీద ‘బూట్ డివైస్ లేదు’ అన్న ఒక్క లైను. మాఘమాసం, మర్నాడు పొద్దున్న ఇవ్వాల్సిన శుభలేఖలు అందులోనే ఉన్నాయి. బ్యాకప్ లేదు. అర్ధరాత్రి దాకా కూర్చున్నాను. చివరికి బయోస్‌ని తిరిగి లెగసీలో పెడితే అన్నీ ఎక్కడివక్కడ కనిపించాయి. మీరు ముందు ఫైళ్లన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. ఆ తర్వాత విండోస్‌లోనే ఉన్న ‘ఎంబీఆర్2జీపీటీ’ కమాండ్‌తో డిస్కుని యూఈఎఫ్ఐకి కావాల్సిన కొత్త జీపీటీ పద్ధతికి మార్చండి. యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్ ఆ తర్వాతే. డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే బయోస్ ముట్టుకునే ముందే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

అప్‌గ్రేడ్ ఉచితం. దాచిన డబ్బుతో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) కొని విండోస్ దాని మీద వేయండి, పాత డిస్కు ఫైళ్లకు ఉంచండి. తిరిగే హార్డ్ డిస్కు మీద విండోస్ 11 నడిపితే ఒక్క ఫారం తెరిచేసరికి కౌంటర్ దగ్గర నలుగురు పోగవుతారు. వేలిముద్ర యంత్రం ఉంటే దాని డ్రైవర్ విండోస్ 11కి ఉందో లేదో ముందే కనుక్కోండి.

మొదటి మెషీన్ జోలికి వెళ్లకండి. నాలుగో తరానికి విండోస్ 11 అధికారికంగా రాదు, మీకు అవసరమూ లేదు. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా ఉండే శుభలేఖ మన సరిహద్దు ఊళ్ల సొత్తు. అనులో, అకృతిలో కొట్టిన మేటర్ ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఇన్నేళ్ల మీ పని ఆ పెట్టెలోనే చదవడానికి వీలుగా ఉంది. నెట్ కేబుల్ పీకేయండి, వైఫై తీసేయండి. బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా రెండో మెషీన్‌లో స్కాన్ అయ్యాకే ఇక్కడ పెట్టాలి. పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు ఫాంట్ల ఇన్‌స్టలేషన్ సీడీలను కూడా రెండు చోట్ల కాపీ చేసి దాచండి.

పాప ల్యాప్‌టాప్ ఏడో తరం. దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించేవాళ్లు ఉన్నారు. అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. చదువుకునే పిల్ల మెషీన్ మీద ఆ పని నేను చేయను. విండోస్ 10కే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకోవాలి. గడువు తీరేలోగా విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ మీద వేసి, డిస్కుని ముట్టకుండా ఒక ఆదివారం నడిపి చూడమనండి. తెలుగు, ఒడియా కీబోర్డులు రెండూ అందులో ఉంటాయి. కాలేజీవాళ్లు విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడమంటున్నారేమో అడగండి. పరీక్షలు అయ్యేదాకా మాత్రం ఆ ల్యాప్‌టాప్‌లో ఏమీ మార్చవద్దు.