ఓడలో చలిగా ఉంటుందా?

ప్రశ్న (ఉత్తరం కుదించి ఇస్తున్నాం): మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 36 ఏళ్ళు. నేనూ మావారూ ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. బాబుకి ఏడేళ్ళు, పాపకి మూడు. అత్తయ్యగారు, మామయ్యగారు జనవరిలో వచ్చారు. ఇది మూడోసారి. పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి మావారు గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో వెళ్ళొచ్చే క్రూయిజ్ బుక్ చేశారు. ఐదు రాత్రులు, రెండు గదులు, ఆరుగురం. మార్చిలో రేట్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఫైనల్ పేమెంట్ కూడా అయిపోయింది. అత్తయ్యగారు బయట తిండి తినరు, రైస్ కుక్కర్ తెస్తానంటున్నారు. ఓడంటే భయమని నాతో అంటారు, మళ్ళీ అందరికీ ఫోన్ చేసి చెప్పుకుంటారు. మొన్న వీడియో కాల్‌లో మా అమ్మతో కూడా "వదినగారూ, మమ్మల్ని ఓడ ఎక్కిస్తున్నారు" అన్నారు. అమ్మ నవ్వి, "మంచిది వదినగారూ, జాగ్రత్తగా వెళ్ళి రండి" అంది. తర్వాత నాతో విడిగా, "ఓడలో చలిగా ఉంటుందా? మీ అత్తగారికి స్వెటర్ పెట్టు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ నా రెండు పురుళ్ళకీ వచ్చి ఆరేసి నెలలు ఉండి వెళ్ళింది (రెండోసారి టికెట్ కూడా తనే పెట్టుకుంది). ఏమీ చూడలేదు. హ్యూస్టన్ దగ్గరి పియర్‌లాండ్ మీనాక్షి అమ్మవారి గుడి చూడాలని ఒకసారి అంటే, చంటిపిల్లతో అంత దూరం ఎందుకులే అన్నాం. ఆమెని ఎక్కడికైనా తీసుకెళ్దామని మావారు ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు నాకు అత్తయ్యగారితో ఓడ ఎక్కాలని లేదు. వాళ్ళిద్దరినీ ఇంట్లో ఉంచి, ఐదు రోజులకి వంట చేసి ఫ్రిజ్‌లో పెట్టి, మేం నలుగురమే వెళ్తే తప్పా?

జవాబు:

తప్పే. కారు లేనిదే పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేని ఊళ్ళో ఇద్దరు పెద్దవాళ్ళని ఐదు రోజులు వదిలేసి సముద్రం మీదికి వెళ్ళడమా? ఓడలో వైఫై ప్యాకేజీ కొనకపోతే మీకు ఫోన్ కూడా సరిగ్గా కలవదు. అర్ధరాత్రి మామయ్యగారికి ఒంట్లో బాగోకపోతే అత్తయ్యగారు ఎవరిని పిలుస్తారు? పైగా డబ్బు కట్టేశారు, వాళ్ళకి చెప్పేశారు, వాళ్ళు చుట్టాలందరికీ చెప్పుకున్నారు. ఇప్పుడు మానేయమంటే ఆవిడ ఆ చుట్టాలకి ఏమని చెప్పుకుంటారు? తీసుకెళ్ళండి.

కుక్కర్ సంగతీ చెప్పేస్తాను. నిప్పు భయంతో రైస్ కుక్కర్, కరెంటు కెటిల్ లాంటివి ఓడలోకి రానివ్వరు. రేవులో సామాను తనిఖీ చేసేటప్పుడే తీసి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో చేసిన పులిహోర డబ్బాలకీ అదే గతి. సీలు తీయని ప్యాకెట్లకి సాధారణంగా ఇబ్బంది ఉండదు. పెద్ద ఓడల్లో ముందుగా చెప్పి ఉంచితే రాత్రి భోజనానికి మన శాకాహారం వండి పెడతారు. ఎక్కిన రోజు సాయంత్రమే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌తో మాట్లాడండి, అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆవిడకి కావలసింది అన్నం, పప్పు, పెరుగు. తన కోసం ఎవరో అడిగారన్న ధైర్యం దొరికితే సగం భయం అక్కడే పోతుంది.

కాగితాలు మాత్రం ఇవాళే చూడండి. అత్తమామల వీసా మల్టిపుల్ ఎంట్రీయేనా? వాళ్ళ ఐ-94లో (అమెరికాలో ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే రికార్డు) తేదీ ఎప్పటిదాకా ఉంది? మీరిద్దరూ హెచ్-1బి మీద ఉంటే పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపుకి గడువు ఉందా? ఏ మాత్రం అనుమానం ఉన్నా ఆఫీసు లాయర్‌ని అడగకుండా కదలకండి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకి మెక్సికోలో దిగడానికి వేరే వీసా అక్కర్లేదు, కానీ తిరిగొచ్చి గాల్వెస్టన్‌లో దిగినప్పుడు మళ్ళీ ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ ముందు నిలబడాల్సిందే. మామయ్యగారి విజిటర్ ఇన్సూరెన్స్ ఓడ మీద పనికొస్తుందో లేదో కనుక్కోండి. ఓడలో డాక్టరు ఉంటారు, బిల్లు మాత్రం చాలా ఎక్కువ. ఆ రోజుల్లో రేవు దగ్గర పొగమంచు కమ్మితే ఓడలు గంటల తరబడి బయటే ఆగిపోతుంటాయి. దిగే రోజున ఆఫీసు మీటింగులు పెట్టుకోకండి.

ఇక మీ బాధ సంగతి.

మీరు రాసింది మూడు పేజీలు. రెండున్నర పేజీలు అత్తగారి గురించే. ఆవిడ తిండి, భయం, ఫోన్లు. అమ్మ గురించి ఉన్నది చివర్లో కొన్ని వాక్యాలు. వాటిలోనూ టికెట్ మాట బ్రాకెట్లో పెట్టారు. నేను మళ్ళీ మళ్ళీ చదివింది ఆ బ్రాకెట్‌నే. అత్తగారి మీద మీకు ఇంత కోపం రావడానికి ఆవిడ చేసిందేమిటి? కొడుకు ఓడ ఎక్కిస్తున్నాడని వియ్యపురాలితో సంతోషంగా చెప్పుకున్నారు. అంతే. ఆ మాట విన్నప్పుడు మీకు గుచ్చుకుంది ఆవిడ సంతోషం కాదు తల్లీ, అమ్మ నవ్వు. ఆ నవ్వుకి మీ దగ్గర సమాధానం లేదు. అందుకే నిద్ర పట్టలేదు.

మన ఇళ్ళలో పురిటికి అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. మీకు వెళ్ళే వీలు లేక పుట్టిల్లే మీ దగ్గరికి వచ్చింది. శొంఠి, వాము, వెల్లుల్లి కారం, పక్కగుడ్డలకి ఉతికి మడతపెట్టిన పాత నేత చీరలు సూట్‌కేసులో సర్దుకుని, ఒంటరిగా రెండు విమానాలు మారి వచ్చింది. బాబుకి తల ఆరబెట్టడానికి సాంబ్రాణి వేస్తే స్మోక్ అలారం మోగిందని, ఆ రోజు నుంచి వెనక తలుపు తీసి చలిలో గుమ్మం దగ్గర కూర్చుని వేసేదని మీరే రాశారు. రెండు చలికాలాలు ఆవిడ అమెరికాలో చూసింది ఆ గుమ్మం, వంటగది, పిల్లల గది. పని కోసం వచ్చింది కాబట్టి పని చేయించుకుని పంపించాం అన్నట్టు అయింది. మీరు అలా అనుకోలేదని నాకు తెలుసు. కానీ జరిగింది మాత్రం అదే.

"మావారు ఒక్కసారీ అనలేదు" అన్నారు. మీరు అన్నారా?

ఆయన తన అమ్మానాన్నల కోసం తేదీలు చూశారు, గదులు బుక్ చేశారు, డబ్బు కట్టారు. కొడుకుగా తను చేయాల్సింది చేశారు. అందులో నాకు తప్పేమీ కనపడలేదు. మీ అమ్మకి కూతురు మీరు. ఆయనతో సమానంగా సంపాదిస్తున్నారు, కారు నడుపుతున్నారు, క్రెడిట్ కార్డు మీ పర్సులోనే ఉంది. అయినా అమ్మని గుడికి తీసుకెళ్ళడానికి ఆయన నోట మాట రావాలని ఎదురుచూశారు. అల్లుడు పూనుకుంటేనే అమ్మకి మర్యాద, తను అడిగితే ఏదో అడుక్కున్నట్టు ఉంటుంది అని ఒక ఆలోచన మన ఆడపిల్లల మనసుల్లో పాతుకుపోయి ఉంటుంది. ఎన్ని డిగ్రీలు చదివినా పోదు. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచుకోను. తన తల్లికి తన డబ్బుతో చేయడానికి మొగుడి అనుమతి కోసం చూసే కూతురు తనని తాను తక్కువ చేసుకుంటోంది, తల్లినీ తక్కువ చేస్తోంది. టికెట్ డబ్బు అమ్మ పెట్టుకుంటుంటే ఊరుకున్నారు. అప్పుడు ఆయన్ని అడగడానికి మొహమాటపడ్డారు. ఆ మొహమాటం ఖరీదు ఇప్పుడు అత్తగారి దగ్గర వసూలు చేద్దామనుకుంటున్నారు. అది న్యాయం కాదు.

నేనేదో గట్టున కూర్చుని చెబుతున్నాననుకోకండి. నా ఇద్దరు పిల్లల పురుళ్ళకీ మా అమ్మ హైదరాబాద్ వచ్చింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కాగానే బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ఉందని ఎవరో చెబితే చూడాలని ముచ్చటపడింది. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ నెలలు గడిపాను. ఊరికి వెళ్ళిపోయే ముందు రోజు ఎలాగో తీరిక చేసుకుని తీసుకెళ్ళాను. ఆ రోజు శుక్రవారం. మ్యూజియానికి సెలవు. గేటు దగ్గర నిలబడి, "పోనీలేవే, బయటినుంచి ఎంత పెద్దగా ఉందో చూశాంగా" అంది. ఆటోలో ఇంటికి వచ్చేటప్పుడు నాకు బాధగా ఉందని తనే వేరే కబుర్లు చెప్పింది. మళ్ళీ హైదరాబాద్ రాలేదు. నాకు ఇప్పటికీ ఆ గడియారం ముందు కూర్చుని పన్నెండు గంటల కోసం చూసే జనాన్ని చూస్తే గొంతు పట్టేస్తుంది.

మీకు ఇంకా టైముంది. అమ్మ తెనాలిలో మీ అన్నయ్య దగ్గర క్షేమంగా ఉంది, మోకాళ్ళు కొంచెం నొప్పి తప్ప తన పనులు తను చేసుకుంటోందని రాశారు. మొదటి పురుడుకి 2018లో వీసా వచ్చిందన్నారు. పదేళ్ళ వీసా అయితే 2028 దాకా ఉంటుంది. పాస్‌పోర్ట్ తీసి తేదీ చూడమని అన్నయ్యకి చెప్పండి.

ఓడ ఎక్కకముందే అమ్మకి ఫోన్ చేయండి. ఎక్కాక డెక్ మీది నుంచి వీడియో కాల్ చేసి బఫే చూపించకండి. పిల్లలు పడుకున్నాక, అత్తగారు వినని చోటినుంచి చేసి, "అమ్మా, రెండుసార్లు వచ్చావు, నిన్ను నేను ఎక్కడికీ తీసుకెళ్ళలేదు, తప్పు నాదే" అనండి. ఆయన పేరు తేవద్దు. అమ్మ ఊరుకోదు, "ఛ, అదేం మాటే, నేనేమైనా చూడ్డానికి వచ్చానా" అంటుంది. తర్వాత ఇవాళ ఏం కూర చేశావని అడుగుతుంది. చెప్పండి. బలవంతంగా ఆ మాట మీదే నిలబెట్టి ఏడిపించకండి. ఆవిడ విన్నది, చాలు.

తర్వాత "వస్తావా?" అని అడగవద్దు. అడిగితే ఏ తల్లయినా వద్దనే అంటుంది. అల్లుడికి ఖర్చు, అన్నయ్య పిల్లల పరీక్షలు, మోకాళ్ళు, ఏదో ఒకటి చెబుతుంది. అక్టోబరులో ఒక తేదీ చూసి, మీ డబ్బుతో టికెట్ కొని, ఫలానా రోజు విమానం అని చెప్పండి. పిల్లలకి సెలవులు లేని సమయం చూడండి, స్ప్రింగ్ బ్రేక్ రద్దీలో ఆవిడని తిప్పకండి. ఎయిర్‌పోర్ట్‌లో వీల్‌చెయిర్ ముందే అడిగి పెట్టండి. ఆవిడ ఉన్నన్నాళ్ళూ పిల్లల డేకేర్ మాన్పించకండి. పొద్దున్నే లేచి వంటగదిలోకి వెళ్తుంది, కాళ్ళు చేతులు ఊరుకోవు, ఒక పూట చేయనివ్వండి. రెండో పూట మీరు చేయండి.

మీవారికి కూడా ఇదే పద్ధతిలో చెప్పండి. "మీరు మీ వాళ్ళని ఓడ ఎక్కించారు, మరి మా అమ్మ?" అని మొదలుపెడితే అది పోట్లాటగా మారుతుంది, అమ్మ రాక ముందే ఆ రాక పాడవుతుంది. "అక్టోబరులో అమ్మని తీసుకొస్తున్నాను, ఒక వారం లీవ్ పెడుతున్నాను" అని చెప్పండి. ఆయన మంచి మనిషి అయితే, ఉత్తరాన్ని బట్టి మంచి మనిషిలాగే ఉన్నారు, తనూ లీవ్ పెడతానంటారు.

మీరు ఫ్రిస్కో నుంచి గాల్వెస్టన్‌కి ఐదు గంటలు కారులో వెళ్తారు. హ్యూస్టన్ దాటాక పియర్‌లాండ్ దాదాపు దారిలోనే. అమ్మకి దూరమని చెప్పిన గుడి అదే. ఒకరోజు ముందు బయలుదేరితే తీరిగ్గా దర్శనం చేసుకుని రాత్రికి అక్కడే ఉండొచ్చు. అత్తమామలతో వెళ్ళండి. అమ్మ పేరున అర్చన చేయించండి, గోత్రం చెప్పి. మీ అత్తగారు పక్కనే ఉంటారు, వింటారు. ఆవిడ కూడా ఒక అమ్మాయికి అమ్మే అయితే మీరు ఏమీ చెప్పకుండానే అర్థం చేసుకుంటారు.

ఓడలో ఇంకొక్క జాగ్రత్త. రోజూ రాత్రి పిల్లలిద్దరినీ అత్తమామల గదిలో పడేసి మీరిద్దరూ షోలకి వెళ్ళిపోకండి. మూడేళ్ళ పాపకి డైపర్ అలవాటు తప్పితే ఓడలో పిల్లల క్లబ్ ఉంటుంది, అక్కడ దింపండి. అమ్మ విషయంలో చేసిన పొరపాటే ఇంకో పెద్దావిడ విషయంలో చేయవద్దు. ఒక సాయంత్రం అత్తగారిని డెక్ మీదికి తీసుకెళ్ళి రెయిలింగ్ పట్టుకుని నిలబెట్టండి, పక్కన మీరూ నిలబడండి.

అమ్మ అడిగినదానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదు. మెక్సికో వైపు ఎండ బాగానే ఉంటుంది. గాల్వెస్టన్ వదిలే సాయంత్రమూ, తిరిగొచ్చే తెల్లవారుజామూ డెక్ మీద గాలి చల్లగా ఉంటుంది. అత్తగారికి స్వెటర్ పెట్టండి. పెట్టానని అమ్మకి చెప్పండి.