ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో బయటికి పొక్కకూడదు

ప్రశ్న: మా లైబ్రరీకి ఫేస్‌బుక్ పేజీ ఉంది. ఈమధ్య మా సిబ్బందిలో ఒకమ్మాయి కౌంటర్ దగ్గర సెల్ఫీ దిగి సొంత అకౌంట్‌లో పెట్టింది. వెనకున్న కంప్యూటర్ తెరమీద ఒక సభ్యుడి పేరు, ఆయన తీసుకున్న పుస్తకాల పేర్లు స్పష్టంగా కనిపించాయి. ఆయన వచ్చి పెద్ద గొడవ చేశారు. ఇక సిబ్బంది ఎవరూ సోషల్ మీడియా వాడకూడదని సర్క్యులర్ ఇవ్వమని పైవాళ్లు అంటున్నారు. ఇవ్వమంటారా?
– ఒక లైబ్రేరియన్

జవాబు: ఇవ్వకండి. అలాంటి సర్క్యులర్ మీద అందరూ సంతకం పెడతారు, ఎవరూ పాటించరు. రేపు నిజంగా పొరపాటు జరిగితే మీకు చెప్పడానికి కూడా భయపడతారు. పైగా జీతం, పని గంటల గురించి ఉద్యోగులు మాట్లాడుకోవడాన్ని కొన్ని దేశాల్లో చట్టమే కాపాడుతుంది. దాని బదులు మీరు ఏ నియమాలు రాసినా చట్టం తెలిసినవాళ్లకు ఒకసారి చూపించండి.

మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది ఒక్కదాని మీదే: పాఠకుడి గుట్టు. సోషల్ మీడియా పుట్టకముందే, 1939లో, అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన నియమావళిలో ఈ మాట రాసుకుంది. పేరు రాయకపోతే చాలనుకుంటారు మనవాళ్లు. చాలదు. ‘పొద్దున్నే ఒకావిడ విడాకుల చట్టం పుస్తకం అడిగింది, పాపం’ అని పోస్టు పెడితే, ఆవిడను లైబ్రరీలో చూసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. తిరిగొచ్చిన పుస్తకాల్లో ఉత్తరాలు, మందుల చీటీలు, ఫొటోలు దొరుకుతుంటాయి కదా, ‘ఇవి ఎవరివో!’ అని ఫొటో తీసి పెట్టడం కూడా అంతే. చీటీ మీద జబ్బు పేరు ఉంటుంది మరి. వాటిని కవర్లో వేసి కౌంటర్లో దాచండి.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది జోకులు. ‘పుస్తకం పేరు తెలీదట, నీలం అట్ట అట!’ అని నవ్వుకునే పోస్టు ఆ మనిషి కంటపడితే మళ్లీ మన దగ్గరికొచ్చి ఏదైనా అడుగుతాడా? ప్రొఫైల్‌లో ‘ఇవి నా సొంత అభిప్రాయాలు’ అని రాసుకున్నా ఇక్కడ పనిచేయదు.

రాజకీయాలు, సినిమాలు వాళ్ల సొంత అకౌంట్‌లో వాళ్లిష్టం. లైబ్రరీ పేరు మీద మాట్లాడొద్దని రాస్తే చాలు.

పేజీలో కామెంట్లకు మాత్రం ముందే నియమం పెట్టి అందరికీ కనిపించేలా ఉంచండి. బూతులు, ఎవరి ఫోన్ నంబర్లైనా ఉంటే తీసేయండి, తీసేముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ‘మీ లైబ్రరీలో కొత్త పుస్తకాలే రావు’ అని ఎవరైనా తిడితే అది అలాగే ఉండనివ్వండి, జవాబివ్వండి. ‘నేను ఏ పుస్తకాలు తిరిగివ్వాలి?’ అని ఎవరైనా కామెంట్‌లో అడిగితే అక్కడ జాబితా పెట్టొద్దు. కౌంటర్‌కు ఫోన్ చేయమనండి.

పేజీకి ఒకే పాస్‌వర్డ్‌ను అందరూ వాడుతుంటే ఇవాళే మానేయండి. ఎవరి అకౌంట్ నుంచి వాళ్లకు అనుమతి ఇచ్చే వీలు ఫేస్‌బుక్‌లో ఉంది. బదిలీ అయినవాళ్ల అనుమతి ఆరోజే తీసేయాలి.

ఇక ఆ అమ్మాయి. ముందు ఆ సభ్యుడికి లైబ్రరీ తరఫున మీరే క్షమాపణ చెప్పండి. ఫొటోల నియమం ఆమె చేతే రాయించండి. తెరమీద, రిజిస్టర్‌లో, టేబుల్ మీద ఏమేం కనబడతాయో ఆమెకు ఇప్పుడు మీకంటే బాగా తెలుసు. ఈ నియమాలన్నీ రాసే కాగితం మొత్తం రెండు పేజీలు దాటనివ్వకండి.