గైనిక్ రీసెర్చ్, పోక్సో కేసుల పరీక్ష: మా అమ్మాయిని ఈ దారిలో వెళ్లనివ్వొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్. గైనిక్ పీజీ చేసి రీసెర్చ్ వైపు వెళ్తానంటోంది. కడుపులో బిడ్డ కదలికల మీద పనిచేయాలని ఉందట, అది సరే. దాంతోపాటు లైంగిక దాడికి గురైన పిల్లల్ని పరీక్ష చేసే పని కూడా నేర్చుకుంటానంటోంది. పోలీసులు, కోర్టులు అంటేనే నాకు టెన్షన్. అసలు ఈ రెండింటికీ సంబంధం ఏమిటి? భవిష్యత్తు ఉంటుందా? గైనిక్ సీటు రాకపోతే ఏం చేయాలి? (ఒక తల్లి, భీమవరం)

అమ్మా, మీ అమ్మాయి పొంతన లేని రెండు కోరికలు కలిపి చెబుతోందని మీకు అనిపించింది. నాకు మాత్రం రెండూ ఒకే దారిలో ఉన్నట్టే కనిపిస్తున్నాయి. కడుపులో బిడ్డను చూసినా, అఘాయిత్యం జరిగిందన్న అనుమానంతో తీసుకొచ్చిన పాపను చూసినా, డాక్టర్‌కు ముందు తెలియాల్సింది మామూలుగా ఉండటం అంటే ఎంతవరకు అన్నది. అది తెలియకపోతే హాయిగా ఉన్న బిడ్డకు ఏదో అయిపోతోందని కంగారుపడి ఆపరేషన్ చేసేస్తారు, లేదా నిజంగా అన్యాయం జరిగిన పాపకు ఏమీ కాలేదని రాసి పంపేస్తారు. గత నలభై ఏళ్లుగా ఈ రెండు రంగాల్లో మంచి పరిశోధన చాలావరకు ఆ హద్దు ఎక్కడుందో తేల్చడం మీదే నడిచింది.

మీ కాన్పు సమయంలో పొట్టకు బెల్టు కట్టి కాగితం మీద గీతలు తీసి ఉంటారు, దాన్ని ఎన్‌ఎస్‌టీ అంటారు. ఇరవై నిమిషాల్లో బిడ్డ గుండె వేగం కనీసం రెండుసార్లు, ఒక్కోసారి 15 బీట్లు పెరిగి 15 సెకన్లు నిలిస్తే బాగుందని రాస్తారు. పెరగలేదనుకోండి, అప్పుడు బిడ్డ ఇబ్బందిలో ఉన్నట్టా, నిద్రపోతున్నట్టా? నెలలు నిండిన బిడ్డ కడుపులో ఇరవై నుంచి నలభై నిమిషాలు కదలకుండా నిద్రపోవడం మామూలే, అందుకే పని తెలిసిన డాక్టర్ తొందరపడకుండా మరో ఇరవై నిమిషాలు బెల్టు ఉంచమంటుంది. ఆ ఆగడం వెనక ఎంతోమంది కూర్చుని చేసిన పరిశీలన ఉంది. 1982లో నెదర్లాండ్స్‌లో నైహౌస్, ప్రెక్టల్ బృందం బిడ్డ కళ్ల కదలిక, ఒంటి కదలిక, గుండె వేగం మూడింటినీ కలిపి స్కానింగ్‌లో చూస్తూ కూర్చుని, నెలలు నిండే వేళకు కడుపులోనే బిడ్డకు నాలుగు స్థితులు ఏర్పడతాయని చూపించింది: గాఢ నిద్ర, కదులుతూ పోయే నిద్ర, మెలకువగా ఉన్నా నిశ్శబ్దంగా ఉండటం, మెలకువలో చురుగ్గా తిరగడం. ఇవాళ ఏ లేబర్ రూమ్‌లోనైనా ఎన్‌ఎస్‌టీ కాగితాన్ని సరిగ్గా చదవాలంటే ఈ జ్ఞానం కావాలి.

ఈ రంగంలో ఆకర్షణీయమైన పనులూ ఉన్నాయి. పుట్టి మూడు రోజులు కూడా కాని పసికందులు వేరే ఆడవాళ్ల గొంతు కంటే తల్లి గొంతు వినడానికే ఎక్కువ ఇష్టపడతారని డికాస్పర్, ఫైఫర్ 1980లో చూపించారు. ఇంగ్లండ్‌లో డర్హమ్ యూనివర్సిటీ వాళ్లు గర్భిణులకు క్యారెట్ పొడి, కేల్ అనే ఆకుకూర పొడి క్యాప్సూల్స్‌లో ఇచ్చి 4డి స్కానింగ్‌లో బిడ్డ ముఖం చూశారు. క్యారెట్‌కు నవ్వుమొహంలాంటిది, ఆ ఆకుకూరకు ఏడుపుమొహంలాంటిది ఎక్కువగా కనిపించిందని 2022లో ప్రచురించారు. అంతమాత్రాన బిడ్డకు సంతోషం కలిగిందనో, కడుపులో పాటలు వినిపిస్తే ఐక్యూ పెరుగుతుందనో చెప్పడానికి లేదు. అభిమన్యుడి కథ చెప్పి ఫీజులు తీసుకునే క్లాసులు చాలా వచ్చాయి. మీ అమ్మాయి రీసెర్చ్ చేస్తే ఆధారం ఉన్నంతవరకే మాట్లాడటం అలవాటు చేసుకోవాలి.

ఇక మీకు భయంగా ఉన్న రెండో పని. ఇక్కడ రెండు వైపులా పొరపాట్లు జరిగాయి, రెండూ తెలుసుకుని తీరాలి. 1987లో ఇంగ్లండ్‌లోని క్లీవ్‌లాండ్ ప్రాంతంలో కొద్ది నెలల్లోనే 121 మంది పిల్లలపై లైంగిక దాడి జరిగిందని ఒకే ఆసుపత్రిలోని ఇద్దరు పిల్లల డాక్టర్లు నిర్ధారించారు, అందులో ఒక శారీరక గుర్తు మీద బాగా ఆధారపడ్డారు. పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లారు. పెద్ద గొడవై జడ్జి ఎలిజబెత్ బట్లర్-స్లాస్ విచారణ జరిపి 1988లో నివేదిక ఇచ్చారు: ఆ గుర్తు అనుమానించడానికి పనికొస్తుంది కానీ దాన్నొక్కదాన్నే రుజువుగా తీసుకోకూడదని తేలింది. పిల్లల్లో చాలామంది తిరిగి ఇళ్లకు చేరారు. మామూలు పిల్లల శరీరం ఎన్ని రకాలుగా ఉంటుందో కొలిచి రాసిన అధ్యయనాలు ఎక్కువగా వచ్చింది ఆ తర్వాతే.

రెండో వైపు పొరపాటు మన దగ్గర ఎక్కువ. గాయం లేదు కాబట్టి ఏమీ జరగలేదు అనేయడం. అమెరికాలో నాన్సీ కెలాగ్ అనే డాక్టర్ బృందం 36 మంది గర్భిణులైన టీనేజీ అమ్మాయిల పరీక్ష ఫలితాలను చూసి 2004లో ప్రచురించింది. గర్భమే వచ్చిందంటే ఏం జరిగిందో వేరే చెప్పక్కర్లేదు, అయినా పరీక్షలో స్పష్టమైన ఆనవాలు దొరికింది ఇద్దరిలోనే. ప్రతి గైనిక్ పీజీ ఈ పేపర్ చదవాలని నా పట్టుదల. ఎందుకంటే కోర్టులో డిఫెన్స్ లాయర్ అడిగే మొదటి ప్రశ్న ‘గాయాలేమైనా ఉన్నాయా డాక్టర్‌గారూ’ అనే. ఉండకపోవచ్చనీ, ఉండకపోవడం పాప మాటను అబద్ధం చేయదనీ ఆధారంతో చెప్పగలిగిన డాక్టర్ బోనులో నిలబడి ఉంటే ఆ పాపకు ఎంత బలమో ఆలోచించండి.

పరీక్ష ఎలా ఉంటుందో మీకు తెలిస్తే సగం భయం పోతుంది. పోక్సో చట్టం (2012) సెక్షన్ 27 ప్రకారం ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి, తల్లో తండ్రో లేదా పాప నమ్మే మనిషి పక్కన ఉండాలి, ఎఫ్ఐఆర్ ఇంకా కాలేదన్న సాకు చెప్పకూడదు. చిన్నపిల్లయితే చాలాసార్లు తల్లి ఒళ్లోనే కూర్చోబెట్టి చూస్తారు. ముందు గొంతు, చెవులు మామూలు జ్వరానికి చూసినట్టే చూసి, తర్వాత ఏం చేయబోతున్నారో పాపకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, వద్దంటే ఆగిపోతారు. బలవంతంగా పట్టుకుని చేసే పరీక్ష పాపకు ఇంకో దాడి. ఆధారాల కోసం శాంపిల్స్ సాధారణంగా 96 గంటల్లోపు తీస్తారు. ఆరబెట్టడం, సీల్ వేయడం, ఎవరి చేతికి ఇచ్చారో రాయడం ఇవన్నీ ఓపికగా చేయాల్సిన పనులు, ఒక్క సంతకం లేకపోయినా కేసు బలహీనపడుతుంది. రిపోర్టు ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి చేరాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ చెబుతోంది. లోపల వేళ్లు పెట్టి ఇంతకుముందు లైంగిక అనుభవం ఉందా అని చూసే టూ ఫింగర్ టెస్ట్ తప్పని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది, 2022లో మళ్లీ గట్టిగా చెప్పి, చేసినవాళ్లను దుష్ప్రవర్తన కింద బాధ్యుల్ని చేయాలంది.

కోర్టు సంగతి దాచను. సమన్లు వస్తాయి, ఒక్కోసారి మీ అమ్మాయి వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ అయ్యాక వస్తాయి, వెళ్లాలి. కేసు షీటులో అప్పుడు రాసుకున్నదే ఆమెకు అండ. రాత్రి డ్యూటీలో అలాంటి కేసు చూసి ఇంటికొచ్చిన రోజు ఆమె మాట్లాడకుండా పడుకుంటే ‘ఎందుకమ్మా ఈ పని’ అనకండి. ఈ పని చేసేవాళ్లకు మాట పంచుకునే సీనియర్ ఒకరు, ఇంట్లో అర్థం చేసుకునే మనిషి ఒకరు తప్పనిసరి. ఇంకో మాట: సర్కారు ఆసుపత్రిలో గైనిక్ చేసే ఎవరైనా పోక్సో కేసుల్ని తప్పించుకోలేరు. మీ అమ్మాయి ముందుగా నేర్చుకుంటానంటోంది, మిగతావాళ్లు అర్ధరాత్రి కేసు వచ్చాక పుస్తకం తిరగేస్తున్నారు.

ఇప్పుడు దారి. ఎంబీబీఎస్‌లో ఉండగానే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు అప్లై చేయమనండి, రెండు నెలల చిన్న ప్రాజెక్టు, గైడ్ కాలేజీలోనే దొరుకుతారు. బిడ్డ కదలికల్ని తల్లులు ఎలా లెక్కపెట్టుకుంటున్నారు లాంటి ప్రశ్న చాలు, స్కానింగ్ మిషన్ అక్కర్లేదు. గర్భిణులకు స్కానింగ్‌తో చేసే ఏ పనైనా లింగ నిర్ధారణను అడ్డుకునే పీసీపీఎన్‌డీటీ చట్టం (1994) పరిధిలోకి వస్తుంది. రిజిస్టర్ అయిన చోట, అర్హత ఉన్నవాళ్ల చేతుల్లోనే జరగాలి, స్కానింగ్ వివరాలు రాసే ఫారం ఎఫ్ నింపాలి. స్టూడెంట్ సరదాగా ప్రోబ్ పట్టుకోవడం కుదరదు, ఇది ఆమెకు ఇప్పుడే చెప్పండి.

తర్వాత నీట్ పీజీ, మూడేళ్ల ఓబీజీ (ప్రసూతి, గైనిక్ పీజీ), అందులో థీసిస్ ఎలాగూ ఉంటుంది, ఆ థీసిస్‌ను మొక్కుబడిగా కానిచ్చేయకుండా ఉంటే చాలు. ఆపైన తల్లీ, కడుపులో బిడ్డ వైద్యంలో రెండేళ్ల ఫెలోషిప్, ఎఫ్ఎన్‌బీ మెటర్నల్ అండ్ ఫీటల్ మెడిసిన్ ఉంది. డబ్బు విషయంలో ఫీటల్ మెడిసిన్‌కు ఢోకా లేదు, పెద్ద ఊళ్లలో ప్రైవేట్ ఆసుపత్రులు వెతుక్కుంటున్నాయి. పిల్లలపై అఘాయిత్యాల పరీక్ష మాత్రం మన దేశంలో విడి స్పెషాలిటీ కాదు, దానికంటూ ప్రత్యేకంగా జీతం రాదు. మన దగ్గర బాధితులకు సాయం చేసేందుకు హైదరాబాద్‌లో భరోసా కేంద్రం, జిల్లాల్లో సఖి కేంద్రాలు ఉన్నాయి. ముంబైలో సెహత్ సంస్థ ఆసుపత్రులతో కలిసి ఈ పరీక్షను మనిషిని గౌరవించేలా ఎలా చేయాలో ఏళ్లుగా నేర్పుతోంది, వాళ్లు ప్రచురించినవి చదివించండి. అమెరికాలో చైల్డ్ అబ్యూజ్ పీడియాట్రిక్స్ అని విడి సబ్ స్పెషాలిటీయే ఉంది, కానీ దానికి ముందు అక్కడ పిల్లల వైద్యంలో శిక్షణ పూర్తిచేయాలి, గైనిక్ నుంచి నేరుగా వెళ్లలేరు. బ్రిటన్‌లో మొదటి లైంగిక దాడి బాధితుల కేంద్రం 1986లో మాంచెస్టర్‌లో మొదలైంది, అదీ సెయింట్ మేరీస్ అనే ప్రసూతి ఆసుపత్రిలో. మీ అమ్మాయి కలపాలనుకున్న రెండు పనులూ అక్కడ ఒకే ఆవరణలో ఉన్నాయన్నమాట.

పిల్లల మీద రీసెర్చ్ అంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల అంగీకారంతో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుదల కూడా అడగాలని ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చెబుతాయి. ఆలస్యమవుతుంది, అవ్వనివ్వండి. మొదట్లో పాత కేసు షీట్ల మీద, పేర్లు తీసేసి, అనుమతితో చేసే అధ్యయనాలు మేలు.

గైనిక్ ర్యాంకు రాకపోతే అన్నారు కదా. అప్పుడు ఏదో ఒక సీటు వస్తే చాలని పరిగెత్తించకండి. ఆమె మనసు పోక్సో పని మీద ఎక్కువగా ఉంటే ఫోరెన్సిక్ మెడిసిన్ ఎండీ నిజంగా మంచి ఎంపిక, సీటు గైనిక్ కంటే సులభంగా దొరుకుతుంది, నైట్ డ్యూటీల బరువు తక్కువ. ‘పోస్ట్‌మార్టం డాక్టర్’ అని బంధువులు అనే మాటల్ని మీరు పట్టించుకోకుండా ఉంటే సరిపోతుంది. మనసు బిడ్డ కదలికల మీద ఉంటే మాత్రం ఇంకో ఏడాది గైనిక్ కోసమే చదవనివ్వండి. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ఇష్టమో ఇంటర్న్‌షిప్‌లో లేబర్ రూమ్ పోస్టింగ్ అయ్యాక ఆమెనే అడగండి, అంతకుముందు అడగొద్దు.